స్కాట్లండు పెండ్లి విందులో ఆట పాట
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



శనివారము సాయంకాలము కోలాటమునకును తెలుగు పాటలకును మేము ఉంచిన గంటను లెక్కలకు ఇచ్చిన మేలు గదా యని మీలో కొందరు మమ్ము అడిగియున్నారు. సమాధానముగా ఒక దూరదేశపు పెండ్లివిందును గూర్చి మనవి చేయుదుము. ఎడింబరోలో ఉద్యోగము చేయుచున్న మన పూర్వ విద్యార్థి యొకడు అచ్చటి సహోద్యోగి వివాహమునకు పోయి వచ్చి ఆ ముచ్చట మాకు చెప్పెను. మేమును ఆ విషయమును కొంత చదివి తెలిసికొంటిమి.

స్కాట్లండులో పెండ్లినాటి రాత్రి భోజనములు కాగానే బల్లలు గోడవారకు జరిపివేయుదురు. పిదప జరుగు ఆటపాటల కూటమును 'కేలీ' అందురు. అది గేలిక్ భాషా పదము. ఇరుగుపొరుగు ఇండ్లకు పోయి కలిసి కూర్చుండుట యని దాని మొదటి అర్థము. ఫిడేలు, అకార్డియన్, డోలు వాయించువారు ఒక మూల నుందురు. మన వీధిభాగవతులు శ్రుతికై వాడిన తిత్తిని తలపించు బ్యాగ్‌పైపు కూడ పెండ్లిండ్లలో మ్రోగును. పురుషులలో అనేకులు కుచ్చిళ్లు కుట్టిన గళ్ల కిల్టు ధరింతురు. 'జిగ్' అను వరుస మన తిశ్రగతి వలె ఊగును. 'రీల్' చతురశ్రములో పరుగెత్తును.

'డాషింగ్ వైట్ సార్జెంట్' అను ఆట మాకు మిక్కిలి నచ్చినది. ముగ్గురు ముగ్గురుగా ఎదురెదురుగా నిలిచి, ఆరుగురును చేతులు పట్టుకొని ఎనిమిది లెక్కలు ఎడమకు, ఎనిమిది లెక్కలు కుడికి తిరుగుదురు. నడుమనున్నవారు ఇరుప్రక్కల వారితో అడుగులు వేసినపిదప, ముగ్గురును జడ అల్లినట్లు ఒకరి నొకరు చుట్టివత్తురు. కడపట ఒక జట్టు చేతులెత్తి తోరణము కట్టగా రెండవ జట్టు క్రిందుగా దూరిపోవును. ఎదుట క్రొత్త ముగ్గురు సిద్ధము! పెండ్లికొడుకు మేనత్త, పెండ్లికూతురి పై అధికారి, పదేండ్ల బాలుడు, ఇట్లు ఒకరి నొకరు ఎరుగనివారు పావుగంటలో చేతులు కలుపుదురు. మన విద్యార్థికి అడుగులు తెలియవు గనుక ప్రక్కనున్న ముసలమ్మ భుజము పట్టి సరియైన దిక్కునకు త్రిప్పుచుండెనట!

వీరందరికి ఈ అడుగులు ఎట్లు తెలిసినవి? బడిలో నేర్పుదురు. క్రిస్మసు పండుగకు ముందు వ్యాయామపు గంటలలో ఇదియే అభ్యాసము. బాలురు బాలికల చేయి పట్టుకొనుటకు సిగ్గుపడుట, ఉపాధ్యాయులు గదమాయించుట అచ్చటను కలదు. 1923లో గ్లాస్గోలో ఇసొబెల్ స్టూవర్టుతో కలిసి స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీని స్థాపించిన జీన్ మిలిగన్ గారు వ్యాయామ విద్య నేర్పిన అధ్యాపకురాలే. మరుగుపడుచున్న నృత్యములను ఆ సంఘము సేకరించి పుస్తకములుగా అచ్చువేయించెను.

ఇందులో విచారింపదగిన సంగతి యొకటి కలదు. వాద్యములు లేనిచోట గేలిక్ ప్రజలు ఆటకు తగిన పాటలను నోటితోనే పాడెడివారు. 1872 నాటి విద్యా చట్టము పిల్లలకు చదువును నిర్బంధము చేసెను గాని, అందు గేలిక్ ప్రసక్తియే లేదు. వలసలకు తోడు ఇదియు చేరి ఆ భాష ఇండ్లలోను సన్నగిల్లెను. గేలిక్ మాధ్యమములో ప్రాథమిక తరగతులు గ్లాస్గో, ఇన్వర్‌నెస్ పట్టణములలో తెరచుటకు 1985 రావలసి వచ్చెను. 2022 జనాభా లెక్కలలో 54 లక్షల మందికి గేలిక్ మాటలాడువారు సుమారు 70,000. నేడు కేలీలో అడుగు వేయువారిలో చాలమందికి ఆ పేరు పుట్టిన భాష రాదు.

మన యిండ్లలో తలంబ్రాల పాట, అప్పగింతల పాట నోటికి వచ్చిన అవ్వలు ఇంకను ఉన్నారు. మనమే పెండ్లి పందిటిలో లౌడ్‌స్పీకరు పెట్టి వారి గొంతు వినబడకుండ చేయుచున్నాము. లెక్కలకు ప్రతి ఉదయము ఒక గంట కలదు. శనివారపు గంటను మేము మార్చము. ఈ శనివారము నాలుగున్నరకు ఆ అవ్వలను బడికి తోడ్కొని రండు. కోలలు మా వద్ద కలవు. పెద్దవారు కూర్చుండుటకు వరండాలో చాపలు వేయింతుము.