ఎఱిగినవాని వ్రాత



స్నాతకోత్సవమునాడు వక్త పురుషార్థములలో మొదటిదగు ధర్మమునుగూర్చి మాటాడుట వాడుక. నేను రెండవదగు అర్థమునుగూర్చి, అందును మిక్కిలి నూతనమైన యొక శాఖనుగూర్చి మాటాడ సాహసించుచున్నాను. వ్యాపారస్థుడు తన వెబ్‌సైటులో వ్రాసికొను వ్రాత యొక్క గుణమెట్టిది, ఆ గుణమునకును గూగులువంటి శోధనయంత్రములు దానికిచ్చు స్థానమునకును గల సంబంధమెట్టిది యనునది నా విషయము. నేడు పట్టములను స్వీకరించుచున్న మీలో వాణిజ్యము చదివినవారును, కంప్యూటరు శాస్త్రము చదివినవారును, సాహిత్యము చదివినవారును గలరు. ముగ్గురికిని ఒక్కచోట పని కల్పించు విషయము నాకు వేఱొకటి తోచలేదు. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన ఉత్తరాంధ్ర సీమలో నిలిచి గ్రాంథికమున ప్రసంగించుట సాహసమే యగును. ఆయన ప్రస్తావన నాకు పిమ్మట అవసరపడనున్నది గనుక క్షమాపణ ఇప్పుడే చెప్పికొనుచున్నాను.

ఈ సీమలోని పొందూరు ఖద్దరునుగూర్చి వెదకువానికి పుటల కొఱత లేదు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వుదురనియు, గాంధీ మహాత్ముడు ఆ వస్త్రమును మెచ్చెననియు, నూరవ నంబరు నూలు వడకుదురనియు పెక్కు పుటలు ఇంచుమించు ఒకే మాటలతో, ఒకే వరుసలో చెప్పుచుండును. చెప్పిన దసత్యము కాదు. అయినను కొనదలచినవాని మనస్సునందలి ప్రశ్న యొక్కటియు అందు తీఱదు. నూరవ నంబరనగా 840 గజముల చిలపలు నూఱు కలిసి ఒక పౌను మాత్రమే తూగునంత సన్నని దారమని ఎవరు చెప్పవలెను? అట్టి దారముతో నేసిన పంచె మొదటి ఉతుకున ఎట్లగును, గంజి ఏపాటి పట్టవలెను, ఇతరచోట్ల నేసి ఆ పేరుతో అమ్ముచున్నదానిని వ్రేళ్ళతో తాకి ఎట్లు పోల్చుకొనవలెను అనువానిని రాట్నము ముందఱ కూర్చున్న వృద్ధురాలు అడిగిన తక్షణమే చెప్పగలదు. ఆమె పుట వ్రాయదు. పుట వ్రాయువాడు ఆమెను చూడలేదు. పనస దుంగను తొలిచి వీణ చేయు బొబ్బిలి సమీప గొల్లపల్లి శిల్పులకును, బుడితి కంచు పనివారికిని ఇదే గతి పట్టినది. ఎఱిగినవాడు వ్రాయకపోవుట, వ్రాయువాడు ఎఱుగకపోవుట: మన సీమ వ్యాపారములు శోధనయంత్రమున వెనుకబడుటకు ఇదియే ప్రథమకారణమని నా యభిప్రాయము.

ఈ యంత్రము స్థానమునెట్లు నిర్ణయించును? ముందుగా అది పుటనుండి పుటకు లంకెలవెంట తిరుగుచు పాఠమును సేకరించును. సేకరించినదానిని సూచికయందు చేర్చుకొనును. అడిగినవాని మాటలకు తగిన పుటలను ఆ సూచికనుండి తీసి వరుసపెట్టును. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు పరిశోధక విద్యార్థులు 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ప్రకటించిన పద్ధతిలో ఒక పుట మఱియొక పుటకు వేసిన లంకె సాక్ష్యముగా ఎన్నబడెను. సాక్షి యోగ్యతనుబట్టి సాక్ష్యమునకు బరువు కట్టబడెను. సాక్ష్యమునకు విలువ కలిగినచోట కూటసాక్షులు పుట్టుట లోకసహజము గదా! తెల్లని పుటపై తెల్లని యక్షరములతో కనబడకుండ పేర్లు నింపినవారు కొందఱు, లంకెలను వెలకు కొన్నవారు కొందఱు. 2006 ఫిబ్రవరిలో జర్మనీ బీఎండబ్ల్యూ కార్ల సంస్థ వెబ్‌సైటు యంత్రమునకొక పుటను మనుష్యునకు వేఱొక పుటను చూపుచున్నదని గూగులు దానిని సూచికనుండియే కొన్నాళ్ళు తొలగించెను. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జేసీ పెన్నీ యను పెద్ద దుకాణముల సంస్థకు అనుకూలముగా అమర్చిన లంకెల గుట్టు ఒక వార్తాపత్రిక బయటపెట్టగా అదియును వెనుకకు నెట్టబడెను. ఆ మాసముననే గూగులు ప్రవేశపెట్టిన పాండా యను మార్పు అమెరికాలో నూటికి పండ్రెండు వెదకులాటల ఫలితములను కదల్చి, నాసిరకపు వ్రాతలను రాశులు పోయు స్థలములను క్రిందికి దింపెను.

ఇందు మీకు ముఖ్యమైనది 2022 డిసెంబరు నాటి మార్పు. ఫలితముల మంచిచెడ్డలను పరిశీలించుటకై గూగులు నియమించుకొన్న పరీక్షకులకిచ్చు మార్గదర్శకగ్రంథమున అంతకుముందే నైపుణ్యము, ప్రామాణ్యము, విశ్వసనీయత యను మూడు లక్షణములుండగా, స్వానుభవమను నాలుగవదానిని అప్పుడు చేర్చిరి. ఆ పరీక్షకుల మార్కులు ఏ పుట స్థానమును నేరుగా మార్చవు. యంత్రమును ఏ దిక్కునకు దిద్దవలెనో అవి తెలుపును. 2024 మార్చిలో, మనుష్యుడు వ్రాసినను యంత్రము వ్రాసినను, చదువరికి ప్రయోజనము లేక స్థానముకొఱకే గుట్టలుగా పుట్టించిన వ్రాతను దోషముగా ప్రకటించిరి.

స్వానుభవమును లక్షణముగా గుర్తించుటకు వారికి ఇరువదియైదేండ్లకు దగ్గఱగా పట్టినది. సవర గిరిజనులతో కలసిమెలసి, వారి నోట వారి భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన గిడుగువారి సీమవారికి ఆ సంగతి కొత్తదేమి? సవరభాషనుగూర్చి సవరనే అడుగవలెనను పట్టుదల జీడిపప్పునకును చెల్లును.

జీడిపప్పు మాట ఎత్తితిని గనుక దానికి పేరుపడిన పలాసలో కొంతసేపు నిలుతము. పలాస కాశీబుగ్గలలో పప్పును గ్రేడులుగా వేఱుచేయు బల్లలచుట్టు స్త్రీలు కూర్చుండి, గుండును బద్దను, తెలుపును చాయ మాఱినదానిని కంటిచూపుతో విడదీయుచుందురు. డబ్ల్యూ 180, 210, 240, 320 అను సంఖ్యలు ఒక పౌనునకు ఇంచుమించు ఎన్ని గుండ్లు తూగునో తెలుపును; సంఖ్య పెరిగినకొలది పప్పు పరిమాణము తగ్గును. హైదరాబాదున పెండ్లికి మిఠాయి చేయించు గృహస్థునకు ఈ సంగతి తెలియక, పెద్ద సంఖ్య పెద్ద పప్పని భ్రమించుట వింత కాదు. అతడు ఫోనులో వెదకునది ఇదియే: పాయసమునకు ఏ రకము చాలును, బద్ద ఎంత చౌక, పిక్కలు స్థానిక ఉద్దానము ప్రాంతమువా ఆఫ్రికానుండి దిగినవా, కాల్చి తీసినవా ఆవిరిపట్టి తీసినవా, వానకాలమున ఎన్ని దినములు మెత్తబడక నిలుచును? దీనికి బదులుగా అతనికి కనబడునది యేమి? అత్యుత్తమ నాణ్యత, వినియోగదారుల సంతృప్తియే మా ధ్యేయము, నమ్మకమునకు మాఱుపేరు. ఈ మూడు మాటలను జీడిపప్పు వర్తకుడు వ్రాసికొనవచ్చును, సిమెంటు వర్తకుడు వ్రాసికొనవచ్చును, దంతవైద్యుడును వ్రాసికొనవచ్చును. ఎవరికైనను అతుకు మాట ఎవరిదియు కాదు గనుక యంత్రము దానిని ఎవరి గుర్తుగాను గ్రహింపజాలదు. 2018 అక్టోబరున తిత్లీ తుపాను ఉద్దానపు జీడితోటలను కొబ్బరితోటలను కూల్చినపిమ్మట తన సరకు ఎక్కడనుండి వచ్చెనో, ధర యేల మాఱెనో ఒక వర్తకుడు నాలుగు పంక్తులు నిజముగా వ్రాసియుండినచో దానిని నకలు చేయ నెవ్వనికి సాధ్యము?

వాస్తవములు పాతబడుటయు గుణలోపమే. 2022 ఏప్రిలు 4న జిల్లాలు పునర్వ్యవస్థీకృతములై రాజాం విజయనగరము జిల్లాలోనికిని, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోనికిని వచ్చెను. ఇప్పటికిని శ్రీకాకుళము జిల్లా యని వ్రాసికొన్న చిరునామాలు దిద్దుటకు ఒక్క పూట చాలును. సమీపపు దుకాణములను చూపునప్పుడు గూగులు చెప్పుకొన్న ప్రమాణములు మూడు: అడిగినదానికి తగుట, దూరము, ప్రసిద్ధి. అందు మొదటి రెంటికిని ఆధారము ఈ చిన్న వివరములే.

అక్షరమే లేనిచోట గుణవిచారమెక్కడిది? ఫ్లెక్సీకై గీయించిన బొమ్మనే వెబ్‌సైటులో అతికించి, ధరలను వేళలను ఆ బొమ్మలోనే వదలివేయుట మన పట్టణములలో ఆచారమైనది. బొమ్మలోని మాటను యంత్రము పాఠమువలె నిశ్చయముగా చదువునని నమ్మరాదు. 1991 నాటి యూనికోడు తొలి ప్రతియందే తెలుగునకు స్థానమున్నను, మన పత్రికలు పెక్కు వత్సరములు సొంత ఫాంట్లనే నమ్ముకొనుటచే కంటికి తెలుగుగాను యంత్రమునకు అర్థరహితమైన గుర్తులుగాను నిలిచి, ఆనాటి వ్రాత ఎంతయో వెదకినను దొరకని స్థితికి వచ్చినది. ఈ విషయమున మన జాతి ఒకమాఱు మూల్యము చెల్లించియున్నది.

గుణమున్న పుట తప్పక పైకి వచ్చునని నేను చెప్పజాలను. కేవలము జీడిపప్పని వెదకిన హైదరాబాదు వానికి ఆ యూరి అంగళ్ళే ముందు కనబడును. పలాస జీడిపప్పని వెదకినవానియొద్దనే మీ వర్తకునకు అవకాశము. దానికితోడు, ఫలితములకు పైని కృత్రిమమేధ కూర్చిన సారాంశమును చూపు ఆచారము 2024 నుండి మన దేశమున వ్యాపించుటచే, సమాధానము అక్కడనే చదివి పుటవఱకు రాక మఱలిపోవువారు గలరు. ఆ సారాంశమును యంత్రము ఎవరో వ్రాసినదానినుండియే కూర్చును గనుక తొలుత వ్రాసినవాని అవసరము పోలేదు. అతనికి దక్కవలసిన ఫలము మాత్రము సన్నగిల్లినది. ఇది న్యాయమని నేననను.

మీలో కొందఱు విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పోయి ఇట్టి వ్రాతపనికే కుదురుదురు. మొదటి దినముననే యజమాని మొదటి స్థానమునకు హామీ కోరును. అట్టి హామీ ఎవరును ఇయ్యజాలరని గూగులే స్పష్టముగా ప్రకటించియున్నది. ఫలితము కానవచ్చుటకు నాలుగు మాసములు మొదలు సంవత్సరమువఱకు పట్టవచ్చునని ఆ సంస్థవారే చెప్పియున్నారు. కనుక హామీ నీయక గడువడుగుడు. దినమునకు ముప్పది పుటలు కావలెనన్నచో, మాసమునకు ముప్పది చాలునని వాదించుడు. పలాస వర్తకుడు మీకు పని యిచ్చినచో మొదటి వారపు వేతనమును ఆ గ్రేడు బల్లలయొద్ద కూర్చుండుటకే అడిగి, అక్కడి స్త్రీలు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసికొని, వారు ఒప్పుకొన్నచో వారి పేర్లతోనే పుటపై నిలుపుడు.