చేతిపనియు విద్యయే
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)

తల్లిదండ్రులారా!

మన మహారాష్ట్రమందే, సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామమున దత్తాత్రేయ లోహార్ అను కమ్మరి, తన కుమారుని కోరికపై పాత సామగ్రితో చిన్న జీపు నొకదానిని తయారుచేసెను. ఖర్చు దాదాపు 60,000 రూపాయలు. ద్విచక్రవాహనమువలె దానిని కాలితో తన్ని స్టార్టు చేయవలెను. అట్టి బండిని చట్టము నేడో రేపో ఆపివేయునని చెప్పుచునే, 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా ఆ పనితనమును మెచ్చుకొని, బదులుగా బొలేరో బండి నిచ్చెదననిరి. 2022 జనవరిలో ఆ మార్పిడి జరిగెను.

మోటారుసైకిలు ఇంజనును నాలుగు చక్రముల బండికి అమర్చుట తేలిక కాదు. దానికి సామాన్యముగా రివర్సు గేరుండదు. గాలితో చల్లబడు ఇంజనును మూసివేసినచో వేడెక్కును. బరువు హెచ్చిన కొలది బ్రేకులు బలముగా నుండవలెను. కావున తొలిసారి నడుపువాడు వేగముకన్న ముందు బ్రేకును పరీక్షింపవలెను. ఇంజను మార్పునకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అధికారుల అనుమతి కావలెను. అది లేనిదే రోడ్డెక్కరాదు.

మీ బిడ్డ చెడిపోయిన పంపును విప్పి కూర్చున్నచో, చదువు పాడగుచున్నదని గద్దింపకుడు. కరెంటు తీసియున్నదో లేదో చూచి, అది ఎట్లు పనిచేయునో తెలుగున చెప్పుమనుడు. చెప్పలేనిచో మా యొద్దకు పంపుడు. మేము తెలుగులోనే బోధింతుము. ఇంటిభాషలో బోధపడిన యంత్రము మరాఠీలోను, ఇంగ్లీషులోను వానికి కొత్త కాబోదు.