ఆటవిడుపు – దండన
(ఉపన్యాస పాఠము)



పాఠశాలలో నడుమ వచ్చు విరామమునకు తెలుగువారు ‘ఆటవిడుపు’ అని పేరు పెట్టుకొన్నారు. ఇంటర్వెల్ అను మాటలో రెండు పాఠముల నడిమి ఖాళీ మాత్రమే కలదు; ఆటవిడుపులో కట్టు విప్పుట కలదు. ఆ కట్టు కొందఱు పిల్లలకు ఇతరులకంటె బిగువుగా నుండును. నేటి ప్రసంగము వారిని గూర్చి.

వీధిబడులనాటి గోడకుర్చీ, గుంజీలు, కోదండము నేడు పెద్దలు నవ్వుచు చెప్పుకొను సంగతులైనవి. 1973 నాటి ఢిల్లీ పాఠశాలల నియమావళి బెత్తమునకు చోటిచ్చినది. 2000 డిసెంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 17వ విభాగమున, శారీరక దండనతోపాటు మానసిక వేధింపును గూడ నిషేధించినది. అయితే బెత్తము పోయిన చోటికి చప్పుడు చేయని దండన యొకటి వచ్చి కూర్చున్నది: “నేడు నీకు ఆట లేదు, ఇచ్చటనే కూర్చుండుము.” ఒంటిపై వాత కనబడదు గనుక దీనిని ఎవరును దండనగా లెక్కింపరు.

బేర్ సరాయ్‌లో అద్దెకుండు ఒక తెలుగు ఉద్యోగి కుటుంబమున జరిగిన సంగతి వినుడు. సరాయి యనగా సత్రము. పేరుకు తగినట్లే జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకును ఐ.ఐ.టి.కిని నడుమనున్న ఆ పల్లెలో వచ్చిపోవువారే యెక్కువ. ఎటు చూచినను పోటీ పరీక్షల పుస్తకములు, మేడమీద మేడలు, ఇఱుకు సందులు. మూడవ అంతస్తులోని ఆ యింటికి పెరడు లేదు, వాకిలి లేదు. ఆ దంపతుల కుమారునికి ఎనిమిదేండ్లు. ఆటిజము గల బాలుడు. ఇంట వినునది తెలుగు, తరగతిలో ఇంగ్లీషు, తోటిపిల్లల నోట హిందీ. వాని నోట మాత్రము మూడు భాషలలోను కలిపి కొలది మాటలే. వానికి దొరకు ఆటస్థలము బడిలోనిదే.

వాడు పాఠము నడుమ లేచి తిరిగెడివాడు. అందుకు ఉపాధ్యాయిని విరామమున వానిని తరగతిలోనే ఉంచెను. మొదట ఒకనాడు, పిదప వారమునకు మూడు నాలుగు దినములు. డైరీలో నిత్యము ఒకే వాక్యము: కుదురుగా కూర్చుండుట లేదు. ఇంట తాతగారు, మొక్కై వంగనిది మానై వంగునాయని, బడివారినే సమర్థించిరి. తండ్రి కార్యాలయపు అలవాటు చొప్పున ఆరు వారముల డైరీని తేదీల వారీగా ఒక కాగితముపై వ్రాసికొనెను. ఆట నిలిపిన దినములలోనే మధ్యాహ్నపు ఫిర్యాదులు అధికముగా నుండెను. కూర్చుండలేనివానిని, కూర్చుండలేదను నేరమునకు, మఱింతసేపు కూర్చుండబెట్టుట జరిగినది!

ఇది ఆ యొక్క తండ్రికే తోచిన మాట కాదు. ఆటవిడుపును శిక్షగా గాని, చదువు నెపముతో గాని తీసివేయరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2013లోనే ప్రకటించినది. ఫిన్లాండులో 45 నిమిషముల పాఠమునకు 15 నిమిషముల విరామమిచ్చుట వాడుక. పదకొండు గంటలకు టీ రానిదే ఫైలు కదపని ఉద్యోగులకు ఇందలి న్యాయము వేఱుగ చెప్పనక్కఱలేదు. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, 16వ విభాగమున, చదువుతోపాటు ఆటలు, వినోదము ఇతరులతో సమానముగా లభింపవలెనని చెప్పుచున్నది. కావున ఆట ఉపాధ్యాయుడు ఇచ్చు బహుమానము కాదు, తీసికొనదగిన వస్తువును కాదు.

తండ్రి ఆ కాగితమును తగవుగా గాక వినతిగా చూపెను. నలువదిమంది పిల్లల నడుమ ఒంటరిగా నిలుచు ఆ ఉపాధ్యాయినిని తప్పుపట్టుట సులభమే. ప్రాథమిక తరగతులలో ఇట్టి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేకోపాధ్యాయుడుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రకటించినది. ఆ సహాయము ఆమెకు అందియుండలేదు. ఆమె కాగితము చదివి, మఱునాడే బాలుని బయటికి పంపెను.

అయినను కథ అంతటితో సుఖాంతము కాలేదు. పాఠమునకు ఒక క్రమము కలదు, ఆటస్థలమునకు లేదు. గంట మ్రోత, వందల పిల్లల కేక, ఎవరు ఎటు పరుగెత్తుదురో తెలియమి – ఆటిజము గల బిడ్డకు ఇవి భయహేతువులు. వాడు చెవులు మూసికొని మెట్లక్రింద దూరెను. మూడవనాడు ఒక బాలికను త్రోసివేసెను. తిరిగి లోపల కూర్చుండబెట్టవలెనను మాట వచ్చినది. ఆ బాలిక తల్లి కోపము అన్యాయమైనది కాదు. క్రమశిక్షణ వలదని ఎవరనగలరు?

అప్పుడు ఉపాధ్యాయిని, తల్లి కలిసి మఱియొక మార్గము వెదకిరి. గంటకు రెండు నిమిషములు ముందుగా వానిని ఆయా వెంట బయటికి పంపిరి. గోడవారనున్న వేపచెట్టు నీడ వాని చోటైనది. ఇద్దఱు తోటిపిల్లలు బంతితో వానికొఱకు అక్కడకు వచ్చిరి. ఆట ముగియునని తెలుపుటకు గంట బొమ్మగల అట్ట నొకటి ముందుగా చూపిరి. త్రోసినచో ఆ ఆటనుండి కొలదిసేపు తప్పించి, బంతి నెట్లు అడుగవలెనో చేతితో చేయించి చూపిరి. విరామము మాత్రము రద్దు చేయలేదు.

ఈ మధ్యలో ఆ తండ్రికి బదిలీ భయము పట్టుకొనెను. దివ్యాంగ సంతానమును పోషించు కేంద్రోద్యోగులను సాధారణ బదిలీలనుండి మినహాయింపవచ్చునని 2018 అక్టోబరు నాటి ఉత్తరువు కలదు. ఇట్టి బిడ్డ ఒక వేపచెట్టు నీడకు అలవాటుపడుటకు ఎన్ని నెలలు పట్టునో తెలిసినవారికి ఆ కాగితపు విలువ తెలియును. సభలోని ఉద్యోగులలో అవసరమైనవారు దానిని అడిగి తీసికొనవలెను.

వాడు నేటికిని పాఠము నడుమ లేచుచునే యున్నాడు, కాని మునుపటంత కాదు. ఒక సాయంకాలము బేర్ సరాయ్ మేడమెట్లపై, తండ్రి చేతిలోని సంచిని తాను మోయుదునని చేయిచాచి, “మేరీ బారీ” అనెను. నా వంతు అని అర్థము. ఆ మాట ఇంట ఎవరును నేర్పలేదు.