చికిత్స నిరాకరిస్తే జవాబు చెప్పేదెవరు?

(నర్సంపేట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోజు కూలీతోనో, చిన్న దుకాణంతోనో బతికే ఇంట్లో ఒకరికి గుండె జబ్బు వస్తే, ఆ కుటుంబం ముందు మిగిలేవి రెండే దారులు: ఆరోగ్యశ్రీ, లేదా అప్పు. కాబట్టి ఆ పథకం ఎవరి చేతుల్లో ఉన్నదో తెలుసుకోవడం మన హక్కు.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలుత బీమా కంపెనీ ద్వారా నడిచింది. 2008లో మరిన్ని చికిత్సలను చేర్చినప్పుడు వాటిని ట్రస్టే నేరుగా చేపట్టింది. నేడు తెలంగాణలో ఆసుపత్రులకు డబ్బు చెల్లించేది ట్రస్టే. 2023 డిసెంబరు 9న పరిమితిని కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచారు.

పొరుగు రాష్ట్రం ఇప్పుడు మరో దారి ఎంచుకున్నది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒక కొత్త విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 2.5 లక్షల రూపాయల వరకు ఖర్చును బీమా కంపెనీలు, అంతకు మించి 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తాయి. అక్కడ జరిగినది రేపు ఇక్కడా చర్చకు రావచ్చు. అందుకే ముందుగా ఆలోచిస్తున్నాం.

బీమా కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం చెల్లిస్తుంది. చికిత్సలకు ఖర్చు పెట్టగా మిగిలినది కంపెనీకి లాభం. కాదన్న ప్రతి చికిత్సా ఆ లాభాన్ని పెంచుతుంది. ట్రస్టుకు అటువంటి లాభాపేక్ష లేదు. కానీ దాని బలహీనత ఖజానాలో ఉన్నది. 2025 సెప్టెంబరులోనే తెలంగాణలో బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేశాయి. చర్చల అనంతరం పునరుద్ధరించాయి. ఒక పద్ధతిలో నిరాకరణ, మరొక పద్ధతిలో జాప్యం. రెండింటా నష్టపోయేది రోగియే.

మన సముదాయానికి మరో చిక్కు ఉన్నది. ఉర్దూలో ఒకటే అయిన పేరు రేషన్ కార్డులో ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా నమోదవుతుంది. ఒకచోట ‘మహమ్మద్’, మరొకచోట ‘ఎండీ’. ఒకచోట ‘బేగం’, మరొకచోట ‘బీ’. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. ఆసుపత్రి కౌంటర్ వద్ద మాత్రం అదే గోడగా నిలుస్తుంది. కాబట్టి ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి యువజన సంఘం వీధివీధినా కార్డులు సరిచూసి, దిద్దించే పని చేపట్టాలని కోరుతున్నాం.

ప్రభుత్వం ముందు మేము ఉంచే డిమాండ్లు నాలుగు. చికిత్సకు అనుమతి నిరాకరిస్తే కారణాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలుపై నిర్ణయానికి గడువు ఉండాలి. ఆసుపత్రుల బకాయిలు సకాలంలో చెల్లించాలి. నర్సంపేటకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇక్కడి ఆసుపత్రికి తగినంతమంది నిపుణులనూ మందులనూ సమకూర్చాలి. షుగర్, బీపీ రోగులకు నిత్యం కావలసినది శస్త్రచికిత్స కాదు, నెలనెలా మాత్రలు. అవి ఊళ్లోనే దొరికితే ఎందరికో వరంగల్ ప్రయాణం, దాని వెనుక అప్పు తప్పుతాయి.

కుటుంబాలకు మా మనవి ఒకటే. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఆరోగ్యమిత్రను కలవండి. పథకం వర్తించే చికిత్సకు డబ్బు అడిగితే రశీదు లేకుండా ఇవ్వకండి. 104కు ఫిర్యాదు చేయండి. ఒంటరిగా అడిగితే కసురుకునే చోటికి పదిమందిగా వెళ్లండి.

ఆరోగ్యశ్రీ ఎవరి దయా కాదు. అది మనం కట్టే పన్నులతో నడిచే హక్కు.