పాత పార్టు ఆగిపోతే...
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను విశాఖలో ఒక ఫ్యాక్టరీలో మెటీరియల్స్ ప్లానింగ్ చూస్తాను. పెళ్లికి సరుకుల చిట్టా రాయడం లాంటి పనే అది. ఎంతమంది వస్తారు, ఇంట్లో ఏముంది, ఇంకా ఎంత కొనాలి, ఎన్నాళ్ల ముందు చెప్పాలి. కంప్యూటరు వచ్చినా లెక్క ఈ నాలుగే. అందులో ఒక్క ముక్క గురించి ఈ రోజు మాట్లాడతాను. మనం వాడే పార్టును తయారుచేసేవాడు "ఇక చెయ్యను" అంటే ఏం చెయ్యాలి?

మిల్లు కూత విని పెరిగిన నెల్లిమర్ల వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. జూట్ యంత్రాల్లో పేరు మోసిన కంపెనీ బెల్‌ఫాస్ట్‌లోని జేమ్స్ మ్యాకీ. 1999లో అది మూతపడింది. కంపెనీ పోయినా దాని యంత్రాలు మన దేశంలో తిరుగుతూనే ఉన్నాయి. అందులో గేరు అరిగితే బెల్‌ఫాస్ట్‌కు ఉత్తరం రాసి లాభం లేదు. నమూనా చూసి ఇక్కడే ఎవరో చేసి ఇవ్వాలి. అది వచ్చేదాకా యంత్రం ఆగితే, ఏ రోజుకారోజు పని కోసం గేటు దగ్గరకొచ్చే బదిలీ కార్మికుడు ఇంటికి తిరిగి వెళ్లాలి. పార్టు చిన్నదే కావచ్చు, పోయేది ఒక ఇంటి రోజు కూలి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పిల్లలు కూడా వినండి, ఇది మీ లెక్కల క్లాసులోదే. మనం 100 పంపుసెట్లు చెయ్యాలి. పాత మోటారు తయారీ ఆగిపోయింది. స్టోర్సులో 40 మిగిలాయి. కొత్త రకం మోటారు దొరుకుతోంది. పాతవి పారేసి 100 కొత్తవి కొంటే డబ్బు దండగ. అందుకే కంప్యూటరుకు మూడు సంగతులు చెబుతాం: ఈ పార్టు ఆగిపోతోంది, ఫలానా తేదీ నుంచి మళ్లీ కొనవద్దు, దీని తర్వాత వచ్చేది ఫలానాది. తేదీ దాటినా ఉన్న 40 మోటార్లనూ అది ముందు వాడిస్తుంది. మిగతా 60కి మాత్రమే కొత్త మోటార్లు ఆర్డరు పెట్టమంటుంది.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మోటారు కూర్చునే ఇనప పలక, అదే బేస్ ప్లేటు, పాతవి 55 ఉన్నాయనుకోండి. దాని లెక్క విడిగా వేస్తే మొదటి 55 పంపులకు పాత పలకలే వస్తాయి. అంటే 15 కొత్త మోటార్లు పాత పలకల మీదకు చేరతాయి. బోల్టు రంధ్రాలు కలవవు. కాగితం మీద అన్నీ ఉన్నట్టే, షాపులో మాత్రం పని ఆగినట్టే. అందుకని మోటారునూ పలకనూ ఒక జట్టుగా కట్టాలి. మోటారు అయిపోయిన రోజే పలకా మారాలి, ఇంకా 15 మిగిలినా సరే. ఆ 15 పలకల నష్టం ముందే తెలిసినది. తెలిసిన నష్టాన్ని భరించవచ్చు.

మిగిలిన స్టాకు వాడుకునే వెసులుబాటు కూడా ఒక్కోసారి ఉండదు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మకూడదని. అప్పటికి దేశంలో 8 లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోకుండా ఉన్నాయి. షోరూముల్లో ఆ రెండు రోజులూ ధర తగ్గించి అమ్మారు, జనం ఎగబడి కొన్నారు. తర్వాత బీఎస్-4 నుంచి, మధ్యలో ఒక మెట్టు వదిలేసి, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6కు మారాం. చాలా మోటారు సైకిళ్లలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దాంతోపాటు సెన్సర్లు, వైర్లు, కంట్రోలు యూనిట్ అన్నీ జట్టుగా మారాయి. ఇలాంటప్పుడు తేదీ నుంచి వెనక్కి లెక్క వేసి, ఆఖరి ఆర్డరు ఎప్పుడు, ఎంత అని ముందే తేల్చుకోవాలి.

ఇంకొక మాట. పాత మోటారుతో పంపు కొన్న రైతు ఉంటాడు. కొత్త పంపులకు మనం మారిపోయాం, అతని బోరు మీద మాత్రం పాతదే ఉంది. రిపేరుకు వస్తే కంప్యూటరు ఆ అవసరాన్ని తనంతట తాను కొత్త పార్టుకు మళ్లించదు, మళ్లించినా అది సరిపోదు. ఆ 40లో అతని కోసం ఎన్ని తీసి పక్కన పెట్టాలో మనిషే చెప్పాలి. నా ఉద్యోగంలో నేను ఎక్కువగా వాదించేది ఈ నాలుగైదు మోటార్ల కోసమే.

మన ఊరు ఈ కథను ఇంకా పెద్ద ఎత్తున చూసింది. ప్లాస్టిక్ సంచి వచ్చి గోనె సంచిని పక్కకు నెట్టింది. 1987లో పార్లమెంటు చేసిన జూట్ ప్యాకేజింగ్ చట్టం వల్లనే తిండి గింజలకు గోనె సంచి నిలబడింది. కానీ గోనె సంచి వెనుక కూడా ఒక జట్టు ఉంది. గోగు వేసే రైతు, నార తీసే కూలీ, మిల్లు కార్మికుడు, గేటు ముందు టీ కొట్టు. సంచి మారితే వీళ్లందరి లెక్కా మారుతుంది. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో గోగు చేలు ఎంత తగ్గాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కొత్తది రాకూడదని నేను అనను. వచ్చేటప్పుడు పాతదాంతో జట్టుగా ఉన్నవాళ్లెవరో ముందే రాసుకోవాలి అంటాను.

పిల్లలూ, ఈ పనికి పెద్ద గణితం అక్కరలేదు. మీకు వచ్చిన కూడికలు, తీసివేతలు చాలు. దేనితో ఏది ముడిపడి ఉందో అడిగే అలవాటు కావాలి. ఇక ఈ సభలో మిల్లుల్లో, స్టోర్సుల్లో పనిచేసి రిటైరైన అన్నలు ఉన్నారు. ఏ పార్టు బదులు ఏది పడుతుందో మీకు నోటికి వచ్చు. దయచేసి ఒక నోటుపుస్తకంలో రాసి మీ తర్వాతివాళ్లకు ఇవ్వండి. ఏ కంప్యూటరులోనైనా ముందుగా ఎక్కించవలసింది అదే.