తాళం ఎవరికి వేస్తున్నాం?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేసే మనకు ఆడపిల్ల చదువు ఎట్లా ఆగిపోతుందో తెలుసు. ఊరికి బస్సు లేదని మానిపిస్తారు. పెద్దమనిషి అయిందని మానిపిస్తారు. ఇప్పుడు ఈ కారణాల్లో ఫోను కూడా చేరింది. మొదట ఫోను గుంజుకుంటారు, తరువాత బడి మానిపిస్తారు, ఆ వెనకే పెళ్లి మాట వస్తుంది. అందుకే బడుల్లో ఇంటర్నెట్ వడపోత అనే విషయాన్ని కంప్యూటర్ తెలిసినవాళ్లకు వదిలేయడానికి లేదు.

వడపోత అంటే కొన్ని వెబ్‌సైట్లను, కొన్ని మాటలను ముందే గుర్తుపెట్టి, అవి తెరుచుకోకుండా ఆపే ఏర్పాటు. ప్రభుత్వ రాయితీతో ఇంటర్నెట్ తీసుకునే బడులకు అమెరికాలో 2000లో చేసిన చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో సి.బి.ఎస్.ఇ. 2017లో తన బడులకు ఇటువంటి సూచనలే ఇచ్చింది. పసిపిల్లల కంట అశ్లీల దృశ్యాలు పడకుండా చూడవలసిందే. అందులో మనకు పేచీ లేదు.

కాని యంత్రానికి మాట తెలిసినంతగా సందర్భం తెలియదు. రొమ్ము క్యాన్సర్ గురించి, గర్భం గురించి, అత్యాచారం జరిగితే ఎవరికి చెప్పాలనే దాని గురించి వెతికినా తలుపు మూసుకోవచ్చు. ఇంట్లో, బడిలో అడగలేని ప్రశ్నకు మిగిలిన ఒక్క దారీ అట్లా పోతుంది. మరోవైపు, తెలిసినవాడే ఫోటో మార్చి బెదిరిస్తే బడిలోని వడపోత ఏమీ చేయలేదు. ఆ బెదిరింపు ఇంట్లోని ఫోనుకు వస్తుంది.

భద్రత అంటే ఏమిటో హాజీపూర్ మనకు చెప్పింది. పాత నల్లగొండ జిల్లాలోని ఆ ఊళ్లో, 2019 ఏప్రిల్‌లో, బడికి పోయి తిరిగొస్తున్న 14 ఏళ్ల పిల్ల హత్యకు గురైంది. విచారణలో మరో ఇద్దరు ఆడపిల్లల హత్యలు బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ ప్రత్యేక కోర్టు నేరస్థుడికి మరణశిక్ష విధించింది. ఊరికి సరైన బస్సు లేకపోవడం వల్లే పిల్లలు దారిన పోయే బండి ఎక్కవలసి వచ్చింది. ఆ ఊరివాళ్లు అడిగింది బస్సు, వాగు మీద వంతెన. బడికి పోయే దారి మూసెయ్యమని అడగలేదు. ఇంటర్నెట్ విషయంలోనూ మనం అడగవలసింది అదే. దారి మూయడం కాదు, దారిని భద్రంగా చేయడం.

ఇప్పటికే ఆ దారి మనవాళ్లకు సన్నగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 27 మంది లోపే. మగవాళ్లు సగానికి పైగా ఉన్నారు. కేరళలో ఒక మహిళా హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను వాడరాదన్న నియమాన్ని ఒక విద్యార్థిని ఎదిరిస్తే ఆమెను హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకొమ్మంది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని చెప్పింది.

అందువల్ల బడులను, హాస్టళ్లను మనం ఈ ప్రశ్నలు అడగాలి. ఏవేవి ఆపుతున్నారో ఎవరు నిర్ణయించారు? ఆ జాబితా తల్లులకు చూపుతారా? ఆరోగ్యం, చట్టం, సహాయ కేంద్రాల సమాచారం తెరిచి ఉందా? పొరపాటున ఆగిపోయిన దాన్ని తెరిపించమని పిల్ల ఎవరిని అడగాలి? పిల్ల ఏం వెతికిందో ఎవరు చూస్తున్నారు, దాన్ని ఇంటికి చేరవేస్తున్నారా?

అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల వచ్చి చెప్పినప్పుడు మనం ఏమంటాం అన్నది. "నువ్వెందుకు చూశావు?" అని మొదలుపెడితే మళ్లీ చెప్పదు. 2012 పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి. పిల్ల పేరు బయటపెట్టకూడదు. పిల్లల సహాయానికి 1098, సైబర్ మోసాలకు 1930 నంబర్లు ఉన్నాయి. ఇవి ప్రతి బడి గోడ మీద, ప్రతి సంఘం పుస్తకంలో ఉండాలి.

వడపోత పెట్టండి, వద్దనం. కాని బెదిరించినవాడి మీద కేసు పెట్టకుండా బెదిరిపోయిన పిల్ల ఫోను, చదువు గుంజుకుంటే అది భద్రత కాదు, శిక్ష. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి ఈ ప్రశ్నలతో పోదాం.