విద్యుత్ గిటారు: నాదశుద్ధి

వీణానాదమును పెంచునది పనసకుండ. విద్యుత్ గిటారునకు సాధారణముగా అట్టి కుండ లేదు. ఉక్కు తంత్రుల క్రింద అయస్కాంతమును, వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగయు నుండును. దీనినే పికప్ అందురు. తంత్రి కదలగా ఆ తీగలో స్వల్ప విద్యుత్తు పుట్టును. దానిని యంత్రము పెంచి వినిపించును.

ఒంటిచుట్ట పికప్ ఇంటి విద్యుత్తు రొదను సైతము గ్రహించును. 1955లో అమెరికాలో, గిబ్సన్ సంస్థయందు సేత్ లవర్ రెండు చుట్టలను జతచేసెను. వాని చుట్టు దిశలును, అయస్కాంత ధ్రువములును పరస్పర వ్యతిరేకములు. కావున రొద అణగి తంత్రీనాదము నిలుచును, నాదము బరువెక్కును. అయితే రొదతో కొంత తళుకును పోవును.

అందుచే పికప్ మార్చదలచినవారు ముందు క్రొత్త తంత్రులు వేసి, పికప్ ఎత్తును మరలతో సరిచూడవలెను. అప్పటికిని తృప్తి లేనిచో మార్పవచ్చును. పాతదానిని మాత్రము పారవేయరాదు. పూర్వపు తళుకు కావలసివచ్చినచో దానిని తిరిగి బిగింపవచ్చును.